ఏ ప్లస్ ఎవరికి పనికొస్తుంది? కంప్యూటర్ సపోర్ట్ సర్టిఫికేషన్ల లెక్క

అమలాపురంలోనో భీమవరంలోనో డిప్లొమా పూర్తిచేసిన కుర్రాడు కంప్యూటర్ సపోర్ట్ (కంప్యూటర్లలో వచ్చే ఇబ్బందులు తీర్చే పని) వైపు వెళ్దామనుకుంటే ఇంట్లోనే రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. డల్లాస్‌లో ఉన్న బావ ఫోన్ చేసి "ముందు ఏ ప్లస్ పాసవ్వరా, అది లేకపోతే ఇక్కడ రెజ్యూమె పక్కన పడేస్తారు" అంటాడు. హైదరాబాద్‌లో సర్వీస్ డెస్కులో పనిచేసే పెద్దమ్మ కొడుకు "నేను చేరినప్పుడు ఆ పేరే ఎవరూ ఎత్తలేదు, డిగ్రీ చూశారు, ఇంగ్లీషులో మాట్లాడించారు, అంతే" అంటాడు. ఈలోగా బస్టాండు దగ్గర ఫ్లెక్సీ మీద ఇంకో మాట కనిపిస్తుంది: ఆరు నెలల కోర్సు, సర్టిఫికెట్, గ్యారంటీ ఉద్యోగం.

ఫ్లెక్సీ సంగతి తర్వాత చూద్దాం. ఏ ప్లస్ అంటే ఈ పని తెలుసో లేదో చూడటానికి అమెరికా సంస్థ ఒకటి పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష. బావ, అన్నయ్య ఇద్దరూ తమ కళ్లతో చూసిందే చెబుతున్నారు. రెండూ నిజాలే. అవి ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే, ఈ సర్టిఫికేషన్ దేన్ని పరీక్షిస్తుంది, దాన్ని అడిగేవాళ్లు ఎవరు అన్న ప్రశ్నలను విడదీయాలి. 2025లో వచ్చిన రెండు మార్పులు గందరగోళాన్ని ఇంకాస్త పెంచాయి. మార్చిలో ఏ ప్లస్ కొత్త సిలబస్ వచ్చింది, సెప్టెంబరులో పాత పరీక్షలు ఆగిపోయాయి. అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత పుస్తకాలు, పాత సిస్టమ్‌లు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

## ఒకే ఫైల్లో మూడు రకాల కాగితాలు

ఉద్యోగం కోసం తిరిగేవారి ఫైల్లో ఉండే సర్టిఫికెట్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లోగో, సంతకం, సీలు అన్నిటికీ ఉంటాయి. కానీ అవి మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి.

మొదటిది కోర్సు పూర్తిచేశారని చెప్పే కాగితం. దీన్ని నేర్పినవాళ్లే ఇస్తారు. ఊళ్లో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది ఈ రకం. 2018 నుంచి ఆన్‌లైన్ కోర్సుల సైట్ కోర్సెరాలో ఉన్న గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ కూడా, పేరు ఎంత పెద్దదైనా, ఇదే రకం. పాఠాలు విని, క్విజ్‌లు, ల్యాబ్‌లు పూర్తిచేస్తే వస్తుంది. ఇన్విజిలేటర్ ఎదురుగా రాసే పరీక్ష ఉండదు. అంతమాత్రాన అది తక్కువదని కాదు. ఏమీ తెలియని స్థాయి నుంచి మొదలుపెట్టేవారికి దాని పాఠాలు చాలా బాగుంటాయి.

రెండోది పరీక్ష నెగ్గారని చెప్పేది. ట్యూషన్ చెప్పేవారు వేరు, బోర్డు పరీక్ష పెట్టేవారు వేరు అన్నట్టు, ఇక్కడ నేర్చుకోవడానికీ పరీక్షకీ సంబంధం ఉండదు. ఎక్కడ నేర్చుకున్నా, ఎవరి దగ్గరా నేర్చుకోకపోయినా, ఫీజు కట్టి కూర్చోవచ్చు. ఏ ప్లస్, నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో వారి సీసీఎన్ఏ ఈ రకం. వ్యక్తులను పరీక్షించి సర్టిఫై చేసే పద్ధతికి ఐఎస్ఓ/ఐఈసీ 17024 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఏ ప్లస్‌కి దాని కింద గుర్తింపు ఉంది.

మూడోది ప్రభుత్వ గుర్తింపు ఉన్న అర్హత. పాలిటెక్నిక్ డిప్లొమా, ఐటీఐలో ఏడాదిపాటు ఉండే కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద ఉండే నైలిట్ వారి ఓ లెవెల్ కంప్యూటర్ కోర్సు లాంటివి. ప్రభుత్వ నోటిఫికేషన్లో విద్యార్హత అన్న గడిలో రాయడానికి పనికొచ్చేది, అప్రెంటిస్‌షిప్‌కి దారి చూపేది ఇదే. సచివాలయం ఉద్యోగానికి డిప్లొమా అడిగిన చోట ఏ ప్లస్ చూపిస్తే చెల్లదు. డల్లాస్‌లో హెల్ప్ డెస్కు మేనేజరుకి కోపా అంటే ఏమిటో తెలియదు. ఎవరి ముందు పెడుతున్నామన్నదాన్ని బట్టే కాగితం విలువ. బావకీ అన్నయ్యకీ తేడా వచ్చింది సరిగ్గా ఇక్కడే.

## ఏ ప్లస్ లోపల ఏముంది

దీన్ని పెట్టే సంస్థ పేరు కాంప్టియా. 1982లో అమెరికాలో కంప్యూటర్ డీలర్ల సంఘంగా మొదలైంది. 1993లో ఏ ప్లస్‌ని తెచ్చింది. ఈ పరీక్ష ఏ ఒక్క కంపెనీ సరుకుకీ కట్టుబడి ఉండదు. విండోస్ ఎక్కువగా ఉన్నా మ్యాక్, లైనక్స్, ఫోన్లు కూడా వస్తాయి. 2025 మొదట్లో కాంప్టియా బ్రాండు, పరీక్షల వ్యాపారం ప్రైవేటు పెట్టుబడి సంస్థల చేతికి వెళ్లాయి. పాత లాభాపేక్షలేని సంఘం వేరే పేరుతో విడిగా నడుస్తోంది. ఇప్పుడు ఈ పరీక్ష పెట్టేది లాభం చూసుకునే సంస్థ. ఫీజుల విషయంలో దీన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఏ ప్లస్ అంటే ఒక్క పరీక్ష అనుకుంటారు చాలామంది. రెండున్నాయి: కోర్ 1, కోర్ 2. ఇప్పుడు నడుస్తున్న వాటి నంబర్లు 220-1201, 220-1202. రెండూ ఒకే సిరీస్‌వి అయి ఉండాలి. పాత సిరీస్‌లో కోర్ 1 పాసై, కోర్ 2 రాయకుండా 2025 సెప్టెంబరు దాటించినవారికి ఆ సగం వృథా అయినట్టే. కొత్త కోర్ 2తో దాన్ని కలపడం కుదరదు.

కోర్ 1లో ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, నెట్‌వర్కింగ్, హార్డ్‌వేర్, క్లౌడ్ ఉంటాయి. వీటన్నిటికంటే ఎక్కువ వాటా, 28 శాతం, హార్డ్‌వేర్, నెట్‌వర్క్ లోపాలు కనిపెట్టడానిదే. కోర్ 2లో ఆపరేటింగ్ సిస్టమ్‌లకు 28, సెక్యూరిటీకి 28, సాఫ్ట్‌వేర్ లోపాలకు 23, పని పద్ధతులకు 21 శాతం. కంప్యూటర్ రిపేరు పరీక్ష అనుకుని చదివేవారు సెక్యూరిటీ వాటా చూసి ఆశ్చర్యపోతారు. నేటి సపోర్ట్ ఉద్యోగంలో పాస్‌వర్డ్‌లు, మోసపు మెయిళ్లు, ఎవరికి ఏ ఫైలు తెరిచే అనుమతి ఉండాలన్న గొడవే రోజంతా ఉంటుంది కాబట్టి ఆ వాటా సబబే.

ఇందులో లేనిది కూడా చెప్పుకోవాలి. మదర్‌బోర్డు మీద ఐసీ మార్చడం, సోల్డరింగ్ లాంటి చిప్ లెవెల్ పని ఏ ప్లస్‌లో రాదు. పాడైన భాగాన్ని గుర్తించి మార్చడం వరకే దాని పరిధి. చిప్ లెవెల్ పని చేసే మెకానిక్‌లు మన టౌన్లలో ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్న పనికి ఈ పరీక్ష కొలత కాదు.

## ఒక ప్రశ్నను విప్పి చూద్దాం

పరీక్షలో వచ్చే తరహాలో ఒక ప్రశ్న తయారుచేసుకుందాం. ఆకివీడు దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసు. నాలుగు సిస్టమ్‌లు ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లన్నీ కలిపే పెట్టెకి) కలిపి ఉన్నాయి. మూడింటిలో నెట్ వస్తోంది. నాలుగోది పొద్దున ఆన్ చేసినప్పటి నుంచి రావడం లేదు. దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌ని గుర్తించే నంబరు) 169.254.37.12 అని చూపిస్తోంది. అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఏది? ఇంటర్నెట్ లైన్ పోవడమా, డీఎన్ఎస్ సెట్టింగ్ తప్పడమా, డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందకపోవడమా, వైరస్సా?

లైన్ పోతే నలుగురికీ పోవాలి, కాబట్టి అది కాదు. డీఎన్ఎస్ అంటే వెబ్‌సైట్ పేరుని నంబరుగా మార్చిపెట్టే ఏర్పాటు. అది తప్పితే పేర్లు తెరుచుకోవు గానీ ఐపీ అడ్రస్ మామూలుగానే ఉంటుంది. వైరస్ అనడానికి ఇక్కడ ఏ ఆనవాలూ లేదు. 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉందంటే, సిస్టమ్ నాకో అడ్రస్ ఇవ్వమని నెట్‌వర్క్‌ని అడిగింది, జవాబు రాలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. అడ్రస్‌లు పంచిపెట్టే పనిని డీహెచ్‌సీపీ అంటారు. మన ఆఫీసుల్లో సాధారణంగా రౌటరే ఆ పని చేస్తుంది. జవాబు మూడోది.

పరీక్ష ఇక్కడితో అయిపోతుంది, పని మాత్రం ఇక్కడ మొదలవుతుంది. ఆ సిస్టమ్ కేబులో, స్విచ్ పోర్టో పోయి ఉండవచ్చు. లేదా రౌటర్‌లో డీహెచ్‌సీపీయే ఆగిపోయి, మిగతా మూడూ ముందురోజు తీసుకున్న అడ్రస్ గడువు తీరక నడుస్తూ ఉండవచ్చు. అదే అయితే గడువు తీరేకొద్దీ అవీ ఒక్కొక్కటే ఆగుతాయి. పనిచేసే సిస్టమ్ కేబుల్ తెచ్చి దీనికి పెట్టి చూస్తే సగం అనుమానం తీరుతుంది. నాకు ఈ సిలబస్‌లో నచ్చేది ఇదే. ఊహించి భాగాలు మార్చడం కాకుండా, ఏ ఆనవాలు ఏ కారణాన్ని కొట్టేస్తుందో ఆలోచించడం నేర్పుతుంది.

పరీక్షలో ఇలాంటి ఆప్షన్ల ప్రశ్నలతో పాటు, తెర మీద కేబుల్‌ని సరైన పోర్టుకి జరపడం, సెట్టింగులు మార్చడం లాంటి చేసి చూపించే ప్రశ్నలు కూడా ఉంటాయి.

## ఆరు మెట్లు, పాలకొల్లులో డిస్‌ప్లే రాని సిస్టమ్

ఏ ప్లస్‌లో లోపం కనిపెట్టడానికి ఆరు మెట్లున్న పద్ధతి ఒకటి ఉంది. సమస్య ఏమిటో అడిగి తెలుసుకోవడం, కారణం ఇదై ఉండవచ్చని అనుకోవడం, ఆ అనుమానాన్ని పరీక్షించడం, ఏం చేయాలో ఆలోచించి చేయడం, అంతా పనిచేస్తోందో లేదో చూసి మళ్లీ రాకుండా జాగ్రత్తపడటం, చేసింది రాసిపెట్టడం.

పాలకొల్లులో చేపల మేత అమ్మే ఒక ఫీడ్ డీలర్ షాపు అనుకుందాం. వర్షాకాలం. వారం రోజులు మూసి ఉంచి తెరిచారు. సిస్టమ్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు, లోపల బీప్ బీప్‌మంటోంది. అనుభవమున్న మెకానిక్ ప్రశ్నలేమీ వేయడు. క్యాబినెట్ తెరిచి, రామ్ (మెమరీ) స్టిక్ తీసి, కాంటాక్ట్‌లు రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగిస్తాడు. డిస్‌ప్లే వస్తుంది. డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ పనిలో తప్పేమీ లేదు. తడి గాలి, సముద్రం దగ్గరి ఊళ్లలోనైతే ఉప్పు గాలి, కాంటాక్ట్‌ల మీద పొరకట్టిస్తాయని అతనికి అనుభవం మీద తెలుసు. బీప్ వస్తోందంటే మదర్‌బోర్డు బతికే ఉందని, మెమరీ వైపు అనుమానించాలని కూడా తెలుసు. రెండు, మూడు, నాలుగు మెట్లు అతను అయిదు నిమిషాల్లో ఎక్కేశాడు.

అయిదు, ఆరు మిగిలిపోయాయి. రామ్ రెండు స్టిక్‌లూ గుర్తిస్తోందా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందా, ప్రింట్ వస్తోందా అని చూడటం అయిదో మెట్టు. యూపీఎస్ బ్యాటరీ పోయిందేమో, సిస్టమ్ గోడ చెమ్మకు ఆనుకుని ఉందేమో చెప్పడం కూడా అందులోదే. ఆరోది కాగితం మీద పని: ఫలానా తేదీ, ఫలానా లక్షణం, ఇది చేశాం, ఇది తేలింది. ఒక్కడే మెకానిక్, ఒక్కటే షాపు అయితే అది అనవసరం అనిపిస్తుంది. కొన్ని వేల మంది ఉద్యోగులున్న కంపెనీలో అలా కాదు. ఇవాళ ఒకరు చూసిన టికెట్ (నమోదైన ఫిర్యాదు) రేపు షిఫ్టు మారాక ఇంకొకరు చూస్తారు. రాసి లేకపోతే అదే పని మళ్లీ మొదటినుంచి. మన టౌన్ షాపులో మంచి చేయి ఉన్న కుర్రాడు కంపెనీ సపోర్ట్ ఉద్యోగంలో మొదట తడబడేది ఎక్కువగా ఈ రాత దగ్గరే. రాయాల్సింది ఇంగ్లీషులో కావడం దానికి తోడు.

వాతావరణం మాట వచ్చింది కాబట్టి ఒకటి. పరీక్ష పుస్తకాలు ఒంట్లోని స్టాటిక్ కరెంటు వల్ల భాగాలు కాలిపోవడం గురించి చాలా హెచ్చరిస్తాయి. పొడి గాలిలో, ఏసీ గదుల్లో, చలిదేశాల ఇళ్లలో ఆ ప్రమాదం నిజంగానే ఎక్కువ. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ కాస్త తక్కువ, తుప్పు ఎక్కువ. లేజర్ ప్రింటర్లలో చెమ్మ పట్టిన కాగితం ఇరుక్కోవడం, అక్షరాలు అలుక్కుపోవడం మీ సేవ కేంద్రాల్లో వానాకాలం రోజూ చూసేదే. పరీక్షలో మాత్రం ఒంట్లోని స్టాటిక్‌ని తీసేసే మణికట్టు పట్టీ గురించి అడిగితే పట్టీయే జవాబు.

## 675 అంటే 75 శాతం కాదు

ఒక్కో పరీక్షలో ఎక్కువలో ఎక్కువ 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. మార్కులు 100 నుంచి 900 వరకు ఉండే కొలబద్ద మీద ఇస్తారు. పాస్ అవడానికి కోర్ 1లో 675, కోర్ 2లో 700 రావాలి. 675ని 900తో భాగిస్తే 75 శాతం వస్తుంది కాబట్టి 68 ప్రశ్నలు సరిగ్గా చేస్తే చాలని లెక్క వేస్తుంటారు. ఆ లెక్క నిలబడదు. కొలబద్ద సున్నా నుంచి మొదలవదు, ప్రశ్నలన్నిటికీ ఒకే బరువు ఉండదు.

అసలు ఇబ్బంది సమయం. 90 ప్రశ్నల్లో నాలుగు చేసి చూపించేవి అనుకుందాం. సాధారణంగా అవి మొదట్లోనే వస్తాయి. ఒక్కోదానికి ఆరు నిమిషాలు పడితే 24 నిమిషాలు అయిపోయాయి. మిగిలిన 66 నిమిషాల్లో 86 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి దాదాపు 46 సెకన్లు. ప్రశ్న తెలుగులో ఉండదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన విద్యార్థికి విషయం తెలిసినా నాలుగు వరుసల ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడానికే ముప్ఫై సెకన్లు పోతాయి. ఈ పరీక్ష తప్పినవాళ్లందరికీ కంప్యూటర్ రాదని అనుకోవడం అన్యాయం అని నేను గట్టిగా అనేది అందుకే.

## అమెరికాలో ఎందుకంత పేరు, ఇక్కడ ఎందుకు లేదు

అమెరికా రక్షణ శాఖ 2005లో ఒక నియమం తెచ్చింది. తన కంప్యూటర్లను చూసుకునే సిబ్బందికి, కాంట్రాక్టర్లకు స్థాయిని బట్టి ఫలానా సర్టిఫికేషన్లు ఉండాలని. 8570 అనే నంబరుతో పిలిచే ఆ నియమంలో సాంకేతిక పనుల్లో మొదటి స్థాయికి ఒప్పుకున్న వాటిలో ఏ ప్లస్ ఒకటి. తర్వాత 8140 అనే కొత్త విధానం దాని స్థానంలోకి వచ్చింది. అంత పెద్ద యజమాని ఒక పేరు రాసిపెడితే, ఆ పని చేసే కాంట్రాక్టు కంపెనీలన్నీ అదే అడుగుతాయి. కమ్యూనిటీ కాలేజీలు అదే నేర్పుతాయి. మిగతా కంపెనీల ప్రకటనల్లోకీ అదే పాకుతుంది. బావ చెప్పింది అక్కడి నుంచి వచ్చింది. అయితే ఆ రక్షణ శాఖ ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కావాలి. ఇక్కడి నుంచి కొత్తగా వెళ్లినవారికి ఆ తలుపు తెరుచుకోదు. మామూలు కంపెనీల హెల్ప్ డెస్కుల్లో మాత్రం ఆ పేరుకి గుర్తింపు ఉంటుంది.

మన దేశంలో ఆ స్థాయిలో ఏ ప్లస్ పేరు రాసిపెట్టిన యజమాని ఎవరూ లేరు. హైదరాబాద్, బెంగళూరు, విశాఖ కంపెనీలు మొదటి స్థాయి సపోర్ట్‌కి తీసుకునేటప్పుడు డిగ్రీ లేదా డిప్లొమా చూస్తాయి, ఫోన్లో ఇంగ్లీషు ఎలా మాట్లాడతారో చూస్తాయి, రాత్రి షిఫ్టుకి ఒప్పుకుంటారా అని అడుగుతాయి. పని వాళ్లే నేర్పుకుంటారు. ఇక్కడ ఏ ప్లస్ ఉంటే ఇంటర్వ్యూలో మంచిమాట అవుతుంది గానీ, లేదని వెనక్కి పంపేవారు తక్కువ. నెట్‌వర్కింగ్ వైపు సీసీఎన్ఏ పేరు ఇక్కడివాళ్లకు ఇంతకంటే ఎక్కువ తెలుసు.

## ఫీజు ఒక్కసారితో అయిపోదు

వోచర్ అనే కోడ్ కొని పరీక్ష బుక్ చేసుకుంటారు. అమెరికాలో ఒక్కో పరీక్షకి 250 డాలర్లు దాటింది. వోచర్ ధర దేశాన్ని బట్టి మారుతుంది. ఒక ప్రాంతం ధరకు కొన్న వోచర్ ఇంకో ప్రాంతంలో చెల్లదు. అక్కడున్న బావ కొని పంపేముందు ఇది చూసుకోకపోతే డబ్బు ఇరుక్కుపోతుంది. పరీక్షలు రెండు కాబట్టి ఫీజు కూడా రెండుసార్లు. తప్పితే రెండోసారి రాయడానికి ఎదురుచూడక్కర్లేదు, మూడోసారికి మాత్రం 14 రోజులు ఆగాలి. ప్రతిసారీ పూర్తి ఫీజు.

లెక్క తేలిక కోసం ఒక పరీక్ష ఫీజుని ఒక వంతు అనుకుందాం. రెండూ మొదటిసారే పాసైతే ఖర్చు రెండు వంతులు. కోర్ 1 ఒకసారి తప్పితే మూడు. ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలో "కోర్సు ఫీజు" అని రాసినదాంట్లో ఈ వంతుల్లో ఎన్ని కలిసి ఉన్నాయన్నదే తల్లిదండ్రులు మోసపోయే చోటు. చాలాసార్లు ఒక్కటి కూడా ఉండదు. ఏ ప్లస్ సిలబస్ నేర్పుతారు, చివర్లో తమ సొంత సర్టిఫికెట్ ఇస్తారు. ఆ ఫ్లెక్సీ మీది సర్టిఫికెట్ అన్న మాట పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు, కానీ అది పైన చెప్పిన మొదటి రకం కాగితం. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటకి మాత్రం ఏ ఆధారమూ లేదు. కాంప్టియా కూడా ఆ మాట ఇవ్వదు.

పాసైన మూడేళ్లకు గడువు తీరుతుంది. ఈలోగా నిర్ణయించిన 20 అధ్యయన యూనిట్లు పూర్తిచేసి, ఫీజు కడితే మరో మూడేళ్లు. లేదా అదే సంస్థ వారి నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ లాంటి పై పరీక్ష పాసైతే ఏ ప్లస్ కూడా దానితో పాటు రెన్యూ అవుతుంది. గడువు ఎందుకని చిరాకుపడేవారికి విండోస్ 10 మంచి జవాబు. ఇప్పుడు షాపుకి వచ్చే ప్రశ్న "ఈ సిస్టమ్‌కి 11 ఎక్కుతుందా" అన్నదే. దానికి జవాబివ్వాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉందా, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉందా చూడాలి. ఎక్కకపోతే ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల దారి ఉందని చెప్పగలగాలి. పదేళ్ల కిందటి సిలబస్‌లో విండోస్ 11 ఊసే లేదు.

## పరీక్ష గది: పేరు, కరెంటు, డంపులు

పరీక్షను, పరీక్షలు నిర్వహించే సంస్థ పియర్సన్ వీయూఈ సెంటర్లో రాయవచ్చు, ఇంట్లోనూ రాయవచ్చు. ఇంట్లో అయితే కెమెరా ముందు ఒక్కరే ఉండాలి, గది ఫొటోలు పంపాలి, ఫోన్ అందుబాటులో ఉండకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. ప్రశ్నను పెదాలు కదుపుతూ చదివినా హెచ్చరిస్తారు. ఉమ్మడి కుటుంబం ఉన్న ఇంట్లో 90 నిమిషాలు తలుపు తెరుచుకోకుండా చూడటం, వాన పడగానే కరెంటు పోయే పల్లెలో నెట్ నిలబెట్టుకోవడం చిన్న సంగతులు కావు. దారి ఖర్చు ఎక్కువైనా సెంటరే నయం అని చాలామంది తేల్చుకునేది ఇందుకే.

పేరు ఇంకో చిక్కు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. మనకేమో పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఇంకో కార్డులో పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో చివరికి వెళ్తుంది. ఇది చూసుకోనివారు ఫీజు కట్టి, గేటు దగ్గరి నుంచి వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇక డంపులు. అసలు ప్రశ్నలు దొంగిలించి అమ్మే ఫైళ్లను డంపులు అంటారు. "అందరూ అలాగే పాసవుతారు" అని చెప్పేవారు ప్రతి టౌన్లో ఉన్నారు. పరీక్షకు ముందు ఒప్పుకునే షరతుల్లోనే ఇది నిషేధం. బయటపడితే సర్టిఫికేషన్ రద్దు చేస్తారు, మళ్లీ రాయనివ్వకపోవచ్చు. ఇంకా పెద్ద నష్టం వేరే ఉంది. 169.254 జవాబు బట్టీపట్టి పాసైనవాడిని మిల్లు ఆఫీసులో నిలబెడితే ఏ కేబుల్ పట్టుకోవాలో తెలియదు. దాంతో ఆ కాగితం మీద యజమానులకు నమ్మకం పోతుంది. కష్టపడి చదివి పాసైన పక్కింటి పిల్ల విలువ కూడా దానితో పాటే పడిపోతుంది.

## ముగ్గురి లెక్కలు

భీమవరంలో పదిహేనేళ్లుగా షాపు నడుపుతున్న మెకానిక్‌ని తీసుకుందాం. చెరువుల ఆఫీసులు, స్కూళ్లు, ఫీడ్ డీలర్లు అతని ఖాతాదారులు. వాళ్లెవరూ సర్టిఫికేషన్ అడగరు. అతనికి పరీక్ష ఫీజు దండగ అనే వాదన బలంగా ఉంది. ఒక ఎదురువాదన కూడా ఉంది. సెక్యూరిటీ, బ్యాకప్ గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది అతనికి చాలా ఉంది. దానికి పరీక్ష అక్కర్లేదు, కాంప్టియా తన వెబ్‌సైట్లో ఉచితంగా ఇచ్చే సిలబస్ పత్రం చాలు. అతని వరకు నేను ఈ రెండో వైపే మొగ్గుతాను.

అమలాపురంలో బీకాం చదివిన అమ్మాయి లెక్క వేరు. కంప్యూటర్ అంటే ఇష్టం, ఇంట్లో అందరి సిస్టమ్‌లూ తనే బాగుచేస్తుంది, కానీ చదువు కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. ఇంటర్వ్యూ చేసేవారికి ఆమె చేతి పని కనిపించదు. ఇలాంటివారికి బయటి పరీక్ష పాసవడం నిజంగా ఉపయోగపడుతుందన్నది ఏ ప్లస్ వైపు మాట్లాడేవారి గట్టి వాదన. హైదరాబాద్‌లో ఎవరూ ప్రత్యేకంగా అడగని దానికి అంత ఖర్చెందుకు, తక్కువ ఖర్చులో గూగుల్ కోర్సు చేసి, మిగిలిన డబ్బు, సమయం ఇంగ్లీషు మాట్లాడటం మీద పెడితే త్వరగా ఉద్యోగం వస్తుంది కదా అన్నది అవతలి వాదన. ఇంటి మీద ఒత్తిడి ఉండి మూడు నెలల్లో జీతం కావాల్సి వస్తే రెండోది గెలుస్తుంది. ఆరేడు నెలలు ఆగగలిగితే, తర్వాత సెక్యూరిటీ వైపు వెళ్లే ఆలోచన ఉంటే, మొదటిదానికి బలం వస్తుంది.

మూడోది తణుకులో డిప్లొమా చేసిన అమ్మాయి. పెళ్లి కుదిరింది, డల్లాస్ వెళ్లాలి. ఏ ప్లస్‌కి గుర్తింపు ఉన్న చోటికే వెళ్తోంది కాబట్టి పరీక్ష రాయడం సబబే. ఎప్పుడు రాయాలన్నదే ప్రశ్న. భార్యాభర్తల్లో ఒకరి వీసా మీద వెళ్లినవారికి అక్కడ పనిచేసే అనుమతి ఎప్పుడు వస్తుందో ఏ సర్టిఫికేషనూ చెప్పలేదు. ఇక్కడి ధర చూసి ఇప్పుడే రెండూ పాసై, అనుమతి రావడానికి రెండేళ్లు పడితే, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజుకి మూడేళ్ల గడువులో ఏడాదే మిగిలి ఉంటుంది. అప్పుడు రెన్యూవల్ ఖర్చు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అక్కడికి వెళ్లాక రాస్తే ఫీజు ఎక్కువ, గడువు మాత్రం మొత్తం చేతిలో ఉంటుంది. మధ్యలో సిరీస్ మారితే, ఒక్క కోర్ పాసై ఆగినవారికి ఆ సగం పోతుంది కాబట్టి, ఎక్కడ రాసినా రెండు పరీక్షల మధ్య ఎక్కువ ఎడం ఉండకపోవడమే ఆమెకు లాభం.